ఏడవని కోడలు

ఆ ఇంట్లో ఉల్లిపాయలు కోసే పని కోడలిది. ఎవరూ కూర్చుని పంచిన పని కాదది. పెళ్లైన కొత్తలో ఒకరోజు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ, ముక్కు చీదుకుంటూ ఉల్లిపాయలు తరుగుతుంటే, చూడలేక "ఇటివ్వండత్తయ్యా, నేను కోస్తాను" అని కత్తి అందుకుంది. బుట్టెడు ఉల్లిపాయలు సన్నగా తరిగి పళ్లెంలో పోసింది. కంట్లో చుక్క నీరు లేదు. అత్తగారు ముక్కున వేలేసుకుంది. "ఇవేం కళ్లమ్మా, గాజుగోళీలా!" అంది. ఆ మాటకి ఆడపడుచు వచ్చి చూసింది, మొగుడు వచ్చి చూశాడు, మామగారు పేపరు మడిచి చంకలో పెట్టుకుని మరీ వచ్చి చూశారు. అందరూ వింత చూసినట్టు చూసి, తెగ మెచ్చుకుని, ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోయారు. కత్తి మాత్రం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

అప్పటినుంచి ఇంటికి చుట్టాలొచ్చినా, స్నేహితులొచ్చినా, ఉల్లిపాయలు వచ్చి ఆమె ముందే పడేవి. పక్కింటివాళ్లు ఎవరినైనా భోజనానికి పిలుచుకుంటే అక్కడికీ పిలుపొచ్చేది. "మా కోడలుందిగా, ఉల్లిపాయల సంగతి మీకెందుకు?" అని అత్తగారు గొప్పగా పంపించేది, నిచ్చెన అరువిచ్చినట్టు. ఆమె వెళ్లి, కోసి, వచ్చేది. వచ్చాక తలుపేసుకుని, తడిగుడ్డ కళ్లమీద వేసుకుని, పళ్లు బిగబట్టుకుని పడుకునేది.

ఎందుకంటే ఆ ఇంటిల్లిపాదీ ఒక తప్పు లెక్క వేసుకున్నారు. కన్నీళ్లు రావు కాబట్టి మంట లేదు అనుకున్నారు. అసలు సంగతి తలకిందులు. మామూలు మనిషికి ఉల్లి ఘాటు తగిలితే కన్ను దానంతటదే నీళ్లు తెచ్చి కడిగేసుకుంటుంది. అయిదు నిమిషాలు ముక్కు చీదుకుంటే సరి. ఆమె కంట్లో కడగడానికి నీళ్లేవి? ఘాటు పోయి కంటి మీద కూర్చుంటుంది, కూర్చున్నది లేవదు. రెప్ప వేస్తే ఇసక రుద్దినట్టుంటుంది, రెప్ప ఎత్తితే చర్మం ఊడొచ్చినట్టుంటుంది. ఈ మాట ఒకసారి మొగుడికి చెప్పింది. "నీళ్లు రాని మంటేంటే? పొయ్యి వెలిగించకుండా పొగొచ్చినట్టు!" అన్నాడు. తన మాట తనకే నచ్చి, ఆ సాయంత్రం భోజనాల దగ్గర మళ్లీ అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఏం చేస్తుంది? నవ్వకపోతే "ప్రతిదీ మనసుకు తీసుకుంటావు" అంటారు. ఆ ముక్క అప్పటికే చాలాసార్లు విని ఉంది.

కన్నీళ్లంటే ఆ ఇంట్లో చెల్లే సరుకు. ఆడపడుచు నిలబడ్డ చోట ఏడవగలదు. కాలేజీలో ఎవరో మాటన్నారని ఏడిస్తే తల్లి పక్కన కూర్చుని వీపు నిమురుతుంది, అన్న కొత్త చెప్పులు కొనిపెడతాడు. కోడలికి ఎముకలన్నీ నొప్పులు పుట్టి మంచం మీంచి లేవలేకపోయిన రోజున "ఏమైంది?" అని అడిగిన వాళ్లు ముందు ఆమె కళ్లలోకి చూస్తారు. అక్కడ పొడి. "అంత నొప్పే ఉంటే మనిషి ఇలా ఉంటుందా?" అని అత్తగారు వంటింట్లోకి వెళ్తూ కేకేస్తుంది, "లేచి కాస్త టీ పెట్టమ్మా!" అని. ఆమె తండ్రి పోయిన రోజున చూడాలి. లోపల గుండె పిండేస్తోంది. తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని గంటల తరబడి వణికింది. తిరిగొచ్చాక అత్తగారు పక్కింటావిడతో అంటుంటే వింది: "కన్నతండ్రి పోతే కన్ను చెమ్మగిల్లలేదు. రేపు నేను పోతే లెక్కేంటి?" ఆ మాట చేసిన గాయం ఆమెకి ఇప్పటికీ మానలేదు. తండ్రి చావు కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుతోందే అని ఒక్కోసారి తనమీద తనకే సిగ్గేస్తుంది కూడా.

జబ్బుకి ఒక పేరుంది. నోరు తిరగని పేరు. ఎన్నో ఆసుపత్రులు తిరిగాక ఒక కళ్ల డాక్టరమ్మ కనిపెట్టింది. నోరు తెరవమంది, నాలుక చూసింది, వేళ్ల కణుపులు నొక్కి చూసింది, చిన్న కాగితం ముక్క కింది రెప్పలో పెట్టి కళ్లు మూసుకోమంది. తీసి చూస్తే కాగితం పెట్టినట్టే ఉంది, అంచు కూడా తడవలేదు. "మీ ఒంట్లో రోగాలను తరమాల్సిన కాపలావాళ్లు దారి తప్పి, కన్నీళ్లు ఊరే చోటునీ, నోట్లో తడి ఊరే చోటునీ కొడుతున్నారమ్మా," అని నెమ్మదిగా చెప్పింది. "ఇది పోయేది కాదు. దీనితో బతకడం నేర్చుకోవాలి. మీరు ఏడవకపోవడం మీ గుండె గట్టిదై కాదు." ఆ చివరి మాట డాక్టరమ్మ ఎందుకంది? ఆమె అడగనేలేదు. అడగకుండానే చెప్పిందంటే, ఆ కుర్చీలో ఇంతకు ముందు ఇలాంటి ఆడవాళ్లు ఎందరు కూర్చుని ఉంటారో. అప్పుడైతే నిజంగానే ఏడవాలనిపించింది. పక్క కుర్చీలో మొగుడు ఫోన్ చూసుకుంటున్నాడు. దారిలో స్కూటర్ మీద "డాక్టర్లకి భయపెట్టడమే పని," అన్నాడు. పొగకి, గాలికి, ఘాటుకి దూరంగా ఉండమని ఆవిడ చెప్పింది కదా అంటే, "అలాగైతే వంటింట్లోకే వెళ్లకూడదు మరి!" అని పెద్ద జోకు విన్నట్టు నవ్వాడు.

గాలి తగలకుండా పక్కలు మూసుకుపోయే కళ్లద్దాలు పెట్టుకోమన్నారు. పెట్టుకుంది. ఇంట్లో కూడా పెట్టుకుని తిరుగుతుంటే ఆడపడుచు 'గాగుల్స్ వదిన' అని పేరెట్టింది. ఆ పేరు వీధి చివరి కూరగాయల బండి దాకా పాకింది. అత్తగారికి నామోషీ. "వచ్చేపోయేవాళ్లు ఏమనుకుంటారు, సినిమాతార కాపురముందనుకుంటారు. ఎవరైనా వచ్చినప్పుడన్నా తీసెయ్యి," అంటుంది. ఎవరైనా వచ్చినప్పుడే కదా ఉల్లిపాయలు కోసేది. అంటే అసలు అవసరమైనప్పుడే తీసెయ్యాలన్నమాట.

మామూలు చుక్కల మందులు పనిచేయడం మానేశాక, పోయినేడు డాక్టరమ్మ ఇంకో దారి చెప్పింది. ఆమె రక్తమే తీసి, అందులో ఎరుపంతా కిందికి దిగేలా తిప్పి, పైకి తేలిన పల్చటి పసుపునీటితో కంటి చుక్కలు చేస్తారు. చిన్న చిన్న సీసాల్లో పోసి ఇస్తారు. ఇంట్లో ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచుకోవాలి. పొద్దున్నే ఒక సీసా బయటికి తీసి, చల్లటి ఫ్లాస్కులో పెట్టుకుని ఆ రోజంతా వాడుకోవాలి. వెచ్చబడి నిలవుంటే పారబోయాల్సిందే, పాడైంది కంట్లో వేస్తే కన్నే పోతుంది. దాని కోసం ఆమె మూడు నెలలకోసారి వెళ్లి చెయ్యి చాపుతుంది. అసలే రక్తం తక్కువ మనిషి, సూది గుచ్చితే నరం దొరకదు, అటు గుచ్చీ ఇటు గుచ్చీ మోచేయి నల్లగా కమిలిపోతుంది. అయినా మొదటి చుక్క పడ్డ రోజు ఆమెకి బాగా గుర్తు. కన్ను హమ్మయ్య అంది. తడి అంటే ఎలా ఉంటుందో అప్పుడు మళ్లీ తెలిసింది. నా కన్నీళ్లు నేనే చేయించుకున్నాను, ఎవరి దయా లేదు, అనుకుంది.

ఆ కళ్లతోనే ఆమె ఉద్యోగం. బట్టల మిల్లులో తనిఖీ సెక్షన్. ఏటవాలు బల్ల కింద తెల్లటి లైట్లుంటాయి, పైనుంచి గుడ్డ తాను విచ్చుకుంటూ కిందికి జారుతూ ఉంటుంది. పోగు తెగిన చోటు, ముడిపడ్డ చోటు, నూనె మరక, రంగు తేడా అన్నీ కళ్లలో వత్తులేసుకుని చూసి పట్టాలి. ఎక్కడ లోపముంటే అక్కడ అంచుకి ఎర్ర స్టిక్కర్ అంటిస్తుంది. ఆమె స్టిక్కర్ అంటించిందంటే ఆ తాను ఆగిపోయినట్టే. మళ్లీ ఆమే తీసేదాకా మేనేజరు కూడా కదపడానికి లేదు, అది అక్కడి పద్ధతి. ఆ సెక్షన్‌లో ఆమెది గురి తప్పని కన్నని పేరు. ఇంట్లో ఎవరికీ తెలియదుగానీ, వేల గజాల గుడ్డ ఆమె చూపు కిందనుంచి వెళ్లి ఎక్కడెక్కడివాళ్ల ఒంటిమీదికో చేరుతుంది. ఆ తలపంటే ఆమెకి ఇష్టం.

అక్కడా సుఖం లేదనుకోండి. ఏసీ గాలి సరిగ్గా ఆమె బల్ల మీదికే కొడుతుంది. బల్ల జరపమంటే సూపర్‌వైజర్, "ఒక్కరి కోసం మొత్తం లైను మార్చాలా మేడమ్?" అన్నాడు. చుక్కలు వేసుకుని కాసేపు కళ్లు మూసుకుంటే, "కళ్లు మూసుకునే ఉద్యోగం ఉంటే మాక్కూడా ఇప్పించండి," అని పదిమందిలో అన్నాడు. ఆమె అట్టపెట్టె చింపి గాలి వచ్చే చోటుకి అడ్డంగా టేపుతో అంటించింది. అతను పీకేశాడు. మర్నాడు మళ్లీ అంటించింది. అతను మళ్లీ పీకాడు. ఈసారి అట్ట అంటించి దానిమీద ఎర్ర స్టిక్కర్ కూడా వేసింది. పద్ధతి పద్ధతే కదా! అతను దానికేసి, ఆమెకేసి మార్చి మార్చి చూసి, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. అట్ట ఇప్పటికీ అక్కడే ఉంది.

వచ్చే నెలలో మిల్లులో కళ్ల పరీక్ష ఉంది. ఏటా ఉండేదే. కానీ పోయిన వారం డాక్టరమ్మ ఆమె కంట్లోకి లైటు వేసి చూసి, ఎప్పుడూ లేనిది మళ్లీ ఒకసారి వేసి చూసింది. "కంటిపొర మీద గీతలు పడ్డాయి. ఇంకాస్త లోతైతే పుండవుతుంది. పుండు మానితే మచ్చ, మచ్చంటే చూపు తగ్గినట్టే. చుక్కలు ఒక్క పూట కూడా మానకండి, ఘాటు దగ్గరికి వెళ్లకండి. వింటున్నారా?" అంది. వింది. పరీక్షలో తప్పితే పెట్టెలు కట్టే సెక్షన్‌లో పడేస్తారు. ఆ అట్టపెట్టెల మధ్య కళ్లుండీ లేనట్టే. అందుకే చుక్కల సీసాల డబ్బా మీద కూడా ఎర్ర స్టిక్కర్ అంటించి ఫ్రీజర్‌లో పెట్టింది. ఇంట్లో అందరికీ చెప్పింది, "ఇది కదపకండి" అని. "నీ మిల్లు స్టిక్కర్లు ఇంటిక్కూడా తెచ్చావా తల్లీ," అంది ఆడపడుచు.

ఇక ఇవాళ. మామగారి ఉద్యోగ విరమణ. ఆఫీసువాళ్లందరినీ సాయంత్రం భోజనానికి పిలిచారు. పొద్దుటినుంచీ ఇల్లు ఇల్లులా లేదు. డాక్టరమ్మ మాట నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది. అత్తగారు విని, "సరేలే, ఈ ఒక్కసారికి కానిచ్చెయ్యి. ఆయన జీవితంలో మళ్లీ రిటైరవుతారా?" అంది. ఇవాళ వచ్చింది బుట్ట కాదు, బస్తా. మధ్యాహ్నం నుంచి ఆమె వంటింటి గట్టు దగ్గర నిలబడి కోస్తూనే ఉంది. కళ్లద్దాలు పెట్టుకుంటే అత్తగారు ఊరుకోలేదు. "వాళ్లు ముందే వచ్చేస్తే? తియ్యమ్మా!" అంటే తీసి గట్టు మీద పెట్టింది. సగం బస్తా అయ్యేసరికి కుడికన్ను గుచ్చడం మొదలెట్టింది. మామూలు మంట కాదు, సూది పెట్టి గీసినట్టు. డాక్టరమ్మ చెప్పిన గీత ఇదేనా? లోతవుతోందా?

"అమ్మాయ్, కాస్త ఐసు ముక్కలు తే, మావయ్యగారికి జ్యూస్‌లోకి," అని హాల్లోంచి అత్తగారి కేక వినిపించింది.

ఫ్రీజర్ తలుపు తీసింది. లోపల ఐస్‌క్రీమ్ డబ్బాలు, ఒకదానిమీద ఒకటి, కిక్కిరిసి. వెనకాల చూసింది, పక్కన చూసింది. ఆమె డబ్బా లేదు. తలెత్తితే ఫ్రిజ్ నెత్తిమీద ఉంది. అందుకుని మూత తీసింది. సీసాలన్నీ కరిగి, గోరువెచ్చగా, పల్చటి పసుపునీరు అటూ ఇటూ ఊగుతోంది. ఎర్ర స్టిక్కర్ సగం ఊడి వేలాడుతోంది.

"ఎవరు తీశారిది?"

మొగుడు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో రంగు కాగితాల తోరణం. "నేనే. పొద్దున ఐస్‌క్రీమ్‌లు పట్టలేదు. ఏం, చెడిపోయాయా?"

"పొద్దున తీశారా!"

"నాకేం తెలుసు, కాసేపటికే చెడిపోతాయని? అయినా దానికంత మొహం పెడతావేంటి? మళ్లీ తీయించుకో," అన్నాడు. ఆమె మొహం చూసి సర్దుతున్నాననుకున్నాడు కాబోలు, ఇంకాస్త మెత్తగా, "రక్తమేగా. ఒంట్లో మళ్లీ పడుతుంది," అన్నాడు.

ఆమె అతనికేసి చూసింది. చెడ్డవాడు కాదు. అదే కదా ఇన్నాళ్లూ ఆమె నోరు నొక్కింది! కొట్టడు, తిట్టడు, జీతం తెచ్చి తల్లి చేతిలో పోస్తాడు. భార్య రక్తం తీసి బయట పెట్టి, చీమ కుట్టినట్టైనా లేకుండా తోరణం కట్టుకోవడానికి వెళ్తాడు. అంతే. ఆమె కమిలిన మోచేతిని చూసుకుంది. ఇంకా పూర్తిగా మానలేదు. ఒళ్లంతా ఒక్కసారి భగ్గుమంది. ఇప్పుడు గనక కన్నీళ్లు వచ్చేవైతే వచ్చేసేవి, అతను "అయ్యో ఏడవకే" అని భుజం తట్టేవాడు, ఆమె ముక్కు తుడుచుకుని మళ్లీ ఉల్లిపాయల దగ్గరికి వెళ్లిపోయేది, కథ కంచికి చేరేది. కన్నీళ్లు రావు. కోపం పోవడానికి ఇంకో దారి లేదు, నోరు తప్ప. మొదటిసారి ఆ సంగతి ఆమెకి మంచిదే అనిపించింది.

గట్టు దగ్గరికి వెళ్లింది. కత్తి కడిగింది, తుడిచింది, పక్కన పెట్టింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. కళ్లద్దాలు పెట్టుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి స్టిక్కర్ల చుట్ట తీసి, ఒకటి చింపి, ఉల్లిపాయల బస్తా మీద ఫట్‌మని అంటించింది.

"ఏంటది?" అన్నాడు మొగుడు.

"ఆగిపోయింది," అంది.

అత్తగారు హడావుడిగా వచ్చింది. "ఐసేదమ్మా? అయ్యో, ఇంకా సగం బస్తా అలాగే ఉందే! వాళ్లొచ్చే వేళవుతోంది, ఈ వేళప్పుడు చేతులు కడిగేసుకున్నావేంటి?"

"నేను కొయ్యనత్తయ్యా."

"కాస్త ఆగి కోస్తావా?"

"కాదు. ఇవాళ కొయ్యను, రేపూ కొయ్యను. ఇంకెప్పుడూ కొయ్యను."

అత్తగారికి అర్థం కాలేదు పాపం. ఇంట్లో ఫ్యాను తిరగనంటే ఎలా ఉంటుందో అలా చూసింది. "మరి ఎవరు కోస్తారు? నాకు కళ్లమ్మట నీళ్లొస్తాయని తెలుసుగా. మీ ఆడపడుచుకీ పడదు. నీకైతే..."

"నాకైతే మండదని ఎవరు చెప్పారు మీకు?" ఆమె గొంతు పెరగలేదు గానీ, మాట మాత్రం గట్టు మీద గిన్నె పెట్టినట్టు పడింది. "ఒక్కరైనా నన్ను అడిగారా? అందరూ వచ్చి చూశారు, మెచ్చుకున్నారు. మండుతోందా అని ఎవరైనా అడిగారా? మీ అందరికంటే నాకే ఎక్కువ మండుతుందత్తయ్యా. మీకు నీళ్లొచ్చి కడిగేస్తాయి. నాకు కడిగేవాళ్లు లేరు. ఆ కడిగే నీళ్లనే మీ అబ్బాయి పొద్దున ఐస్‌క్రీమ్ కోసం బయట పెట్టారు."

"పొరపాటుగా తీశాడులేవే, దానికింత..."

"నాకు చూపు పోతుందని డాక్టర్ చెప్పింది. విన్నారుగా మీరు? విని 'సరేలే' అన్నారు."

ఆడపడుచు గుమ్మం దగ్గర నిలబడి, అలవాటు కొద్దీ కళ్లలో నీళ్లు పెట్టుకుంది. "వదినా, నువ్వెప్పుడూ ఇలా మాట్లాడలేదు," అంది. "ఏడవకు," అంది ఆమె. "కొయ్యి. కోస్తే ఎలాగూ వస్తాయి."

ఆ తరవాత హాల్లోకి వెళ్లి, తిరుగుతున్న ఫ్యాను ఆపేసింది. మామగారు ఎప్పుడూ కూర్చునే వాలుకుర్చీని గోడవారకి లాక్కుని, వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. పక్కన సోఫాలో కూర్చున్న మామగారు చెమటలు కక్కుతూ ఫ్యానుకేసి చూశారు, కోడలికేసి చూశారు, తన కుర్చీకేసి చూశారు. ఏమనుకున్నారో, చప్పుడు చెయ్యకుండా లేచి వంటింట్లోకి నడిచారు.

ఇక వంటింటి భాగోతం చెవులతోనే విని ఆనందించాలి. "ఇలా కాదురా, అడ్డంగా," అని అత్తగారు. "అడ్డమో నిలువో, ముందు ఆ కత్తి ఇలా తేమ్మా," అని మొగుడు. "అమ్మో, నా కళ్లు!" అని ఆడపడుచు. మామగారైతే మూడో ఉల్లిపాయకే "అబ్బబ్బబ్బ" అంటూ చతికిలబడ్డారు. ముక్కులు చీదుతున్న చప్పుళ్లు, కుళాయి విప్పుతున్న చప్పుళ్లు, "నలపకు, నలపకు, ఇంకా మండుతుంది" అన్న అరుపులు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. రెప్పల కింద కుడికన్ను ఇంకా గుచ్చుతోంది. ఆ నొప్పి మధ్యలోనే నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో అందరూ కలిసి చేసిన మొదటి పని ఇదే.

సరిగ్గా అప్పుడే గంట మోగింది. అతిథులు. ముందుగా వచ్చింది మామగారితో కలిసి పనిచేసిన పెద్దావిడ, వెనకే ఆఫీసు బలగమంతా, చేతుల్లో పూలగుత్తులు. తలుపు తీసింది ఆడపడుచు, ముక్కు ఎర్రగా, చెంపలు తడిగా. వెనకాల అత్తగారు చీర కొంగుతో కళ్లొత్తుకుంటోంది. మొగుడి మొహం వాచిపోయి ఉంది. మామగారు చేతిరుమాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కినట్టే ముక్కు ఎగబీలుస్తున్నారు.

పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యయ్యో," అంది, మనసు కరిగిపోయి. "ఊరుకోండి సార్. రిటైర్మెంటే కదా, ఎవరికైనా తప్పదు. మీరే ఇలా బెంగపెట్టుకుంటే ఇంట్లోవాళ్లు ఏమైపోవాలి?" ఒకాయన వచ్చి మామగారిని కౌగిలించుకున్నాడు. ఇంకొకాయన మంచినీళ్లు తెమ్మన్నాడు. ఎవరో అత్తగారి వీపు నిమిరారు. కాదని చెప్పడానికి నోరు పెగలక నలుగురూ నీళ్లు కారుస్తూ నిలబడిపోయారు. ఓదార్పు ఎక్కువైన కొద్దీ మామగారికి నిజంగానే ఏడుపొచ్చేలా ఉంది.

అప్పుడు పెద్దావిడ చూపు గోడవార కుర్చీ మీద పడింది. "మీ కోడలిది గట్టి గుండెలా ఉందండీ," అంది, మెచ్చుకుంటున్నట్టో, దెప్పుతున్నట్టో.

మళ్లీ అదే మాట! ఎప్పుడూ అయితే చిన్నగా నవ్వి ఊరుకునేది. ఇవాళ కళ్లద్దాలు తీసి లేచి నిలబడింది. "గుండె మామూలుదేనండీ. మా మావయ్యగారంటే నాకూ ఇష్టమే," అంది. "వీళ్లెవరూ ఏడవట్లేదు. ఉల్లిపాయలు కోశారు. ఇన్నేళ్లూ ఆ పని నేను చేశాను. నాకు కన్నీళ్లు ఊరని జబ్బుంది, అందుకని మండదనుకున్నారు. ఇవాళ వాళ్లే కోసి చూశారు."

ఎవరో దగ్గినట్టు నవ్వి ఆపుకున్నారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. పూలగుత్తి పక్కన పెట్టి, నలుగురి ఎర్రటి మొహాల్నీ ఒక్కొక్కటిగా చూసి, మళ్లీ ఆమెకేసి చూసింది. "నీళ్లు రాకపోతే ఆ మంట ఎట్లా తగ్గుతుందమ్మా?" అని అడిగింది.

ఆ ఇంట్లో ఆ ప్రశ్న వినబడటం అదే మొదలు. అడిగింది గడప దాటి పట్టుమని అయిదు నిమిషాలు కాని పరాయి మనిషి. అత్తగారు తలొంచుకుంది. "తగ్గదండీ," అంది ఆమె. "అదిగో, ఇలా తగ్గించుకోవాలి." బ్యాగులోంచి ఫ్లాస్కు తీసింది. అందులో ఈ రోజు సీసా, అడుగున కాస్త మిగిలి ఉంది. మళ్లీ సూది గుచ్చించుకుని, మళ్లీ తయారై వచ్చేదాకా ఇక ఇదే. తల వెనక్కి వంచి, అందరూ చూస్తుండగా కుడికంట్లో ఒకటి, ఎడమకంట్లో ఒకటి వేసుకుంది. చల్లగా దిగింది. కన్ను నిండి ఒక చుక్క చెంప మీదికి జారింది. తుడుచుకోలేదు.

మొగుడు ఇంక ఆగలేకపోయాడు. ఉల్లి అంటిన చేత్తోనే నలుపుకున్నాడేమో, కళ్లు తెరవలేక గుడ్డివాడిలా తడుముకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "ఏమే, దాంట్లో ఇంకా ఉందిగా? ఒక్క చుక్క నా కంట్లో కూడా వెయ్యవే. మండి చస్తున్నాను, కళ్లు పోయేలా ఉన్నాయి."

ఆమె సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. ఉంది కొంచెం. అత్తగారు ఆశగా చూస్తోంది. అతను మొహం పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి, చుక్క పడుతుందని నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఆమె మూత గట్టిగా బిగించింది. సీసాని ఫ్లాస్కులో, ఫ్లాస్కుని బ్యాగులో పెట్టి జిప్పు లాగింది.

"ఇది నా రక్తమండీ," అంది. "మీకు కుళాయి నీళ్లు చాలు."